కప్పుకు దాత ఉన్నాడు, అంబులెన్సుకు లేడు

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో 1984 పదో తరగతి బ్యాచ్ విద్యార్థి, ప్రస్తుతం ఇంగ్లండులో మత్తు వైద్యుడు, చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు ఫోన్ చేసి ఒక ఇరవై నిమిషాలు మాట్లాడమన్నప్పుడు, మోకాళ్ల నొప్పుల గురించో, బీపీ గురించో అడుగుతారనుకున్నాను. మన బ్యాచ్ వయసుకు అవే పనికొచ్చే విషయాలు. కానీ ఆయన అడిగింది వేరు. స్వర్ణోత్సవాల్లో భాగంగా బడి మైదానంలో ఒక రోజు బాక్సింగ్ పోటీలు పెట్టాలని క్రీడా కమిటీ ఆలోచిస్తోందట. నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబుల్‌లోనూ, మళ్లీ 2023లో ఢిల్లీలోనూ ప్రపంచ చాంపియన్ అయ్యాక మన పిల్లలు కూడా గ్లోవ్స్ కొనిపెట్టమని అడుగుతున్నారట. "నువ్వక్కడ రింగు పక్కన కూర్చుంటావుగా, చిన్న పోటీలు ఎలా పెడతారో, ఏం కష్టాలుంటాయో చెప్పు" అన్నారు. కాబట్టి ఈ పూట బీపీ లేదు, బాక్సింగే.

రింగు పక్కన కూర్చుంటానన్నది నిజమే. బర్మింగ్‌హామ్ చుట్టుపక్కల చిన్న ఊళ్లలో శనివారం రాత్రుళ్లు జరిగే పోటీలకు డ్యూటీ డాక్టరుగా వెళుతుంటాను. ఈ సంగతి మొదటిసారి విన్నప్పుడు మా మేనమామ "అయితే మనుషుల కోడిపందెమన్నమాట" అన్నారు. కత్తులు కట్టరు మామయ్యా, గ్లోవ్స్ కడతారని చెప్పాను. ఆయన ముఖంలో పెద్ద మార్పేమీ రాలేదు.

ఆయన్ని తప్పుపట్టలేను. మా వృత్తిలోనే ఈ ఆటంటే గిట్టనివాళ్లు చాలామంది. బ్రిటిష్ మెడికల్ అసోసియేషన్ 1982 నుంచి బాక్సింగ్‌ను నిషేధించమని అడుగుతూనే ఉంది. తలకు దెబ్బ కొట్టడమే లక్ష్యంగా ఉన్న ఆటకు డాక్టరు ఎందుకు కాపలా కాయాలన్నది వాళ్ల ప్రశ్న. మంచి ప్రశ్నే. నా జవాబు పెద్ద సిద్ధాంతమేమీ కాదు. నేను వెళ్లకపోతే పోటీ ఆగిపోదు, డాక్టరు లేకుండా జరుగుతుంది. అంతే. ఈ జవాబుతో తృప్తిపడని సహోద్యోగులు నాకు ఇద్దరు ముగ్గురున్నారు. వాళ్లతో కలిసి టీ తాగడం మాత్రం మానలేదు.

ముందు ఆ చిన్న పోటీ ఎలా ఉంటుందో చెబుతాను. టీవీలో మీరు చూసే లాస్‌వేగాస్ వెలుగులు, మెరుపులు మర్చిపోండి. ఊరి టౌన్‌హాలు, లేకపోతే మునిసిపాలిటీ వాళ్ల ఆటల హాలు, లేదా ఏదో హోటల్లో పెళ్లి విందులు జరిగే గది. లండన్లో ఇలాంటి పోటీలకు పేరుపడ్డ యార్క్ హాల్ కూడా 1929లో జనం స్నానాలకు కట్టిన భవనమే. పట్టే జనం పన్నెండు వందల లోపు. మా ఊళ్ల హాళ్లు అంతకంటే చిన్నవి. ఒక రాత్రికి ఆరో ఏడో ఎనిమిదో పోట్లాటలు, వాటిలో ఎక్కువ భాగం నాలుగు రౌండ్లవి, ఆరు రౌండ్లవి. రింగు పక్కన మడతకుర్చీలు, వెనక బారు, ఒక మూల మా ఆక్సిజన్ సిలిండరు. పెద్దవాళ్లంతా ఇక్కడి నుంచే వచ్చారు. రికీ హాటన్ తొలి ప్రొఫెషనల్ పోటీ 1997లో విడ్నెస్ అనే చిన్న ఊళ్లో, ఒక ఆటల హాల్లో జరిగింది. పదేళ్ల తర్వాత అతను మేవెదర్‌తో తలపడుతుంటే వేలమంది ఇంగ్లీషువాళ్లు విమానాలెక్కి లాస్‌వేగాస్ వెళ్లారు. విడ్నెస్ లాంటి చోట కుర్చీలు వేసేవాడు లేకపోతే ఆ విమానాలు ఎగిరేవి కావు.

సరే, ఆ కుర్చీలు వేసేవాడి సంగతికి వద్దాం. అతన్ని ప్రమోటరంటారు. ఆ మాట వినగానే నోట్లో చుట్ట, చేతికి ఉంగరాలు ఊహించుకోకండి. నాకు బాగా తెలిసిన ఒకాయన పగలు ఇళ్ల మరమ్మతు పనులు చేయిస్తాడు. బ్రిటిష్ బాక్సింగ్ బోర్డ్ ఆఫ్ కంట్రోల్ అనే సంస్థ నుంచి లైసెన్సు తీసుకుంటే తప్ప ప్రొఫెషనల్ పోటీ పెట్టడానికి వీల్లేదు. రిఫరీని, టైమ్ చూసేవాణ్ని, ఇన్‌స్పెక్టర్లను బోర్డే వేస్తుంది. డబ్బు మాత్రం ప్రమోటరు ఇచ్చుకోవాలి. హాలు అద్దె, రింగు తెచ్చి బిగించే కూలి, లైట్లు, మైకు, తలుపు దగ్గర కాపలా మనుషులు, బీమా, డాక్టర్లు, అంబులెన్సు. ఇవన్నీ హాల్లో ఆరు వందల మంది ఉన్నా ఉండాల్సిందే, అరవై మంది ఉన్నా ఉండాల్సిందే. టీవీ వాళ్ల డబ్బు చిన్న పోటీ వైపు తొంగికూడా చూడదు. ఇక మిగిలింది టికెట్.

ఆ టికెట్ ఎవరమ్ముతారు? చాలామందికి తెలియని విషయమిది. ప్రమోటరు కాదు, బాక్సరే అమ్ముతాడు. పగలు ప్లంబర్ పనో, లారీ డ్రైవింగో చేసుకుంటూ, సాయంత్రం రెండు గంటలు సాధన చేసి, రాత్రి తన అత్తకీ, బావమరిదికీ, చిన్నప్పటి స్నేహితులకీ ఫోన్లు చేసి టికెట్లంటగడతాడు. పోటీ వారంలో ఒకపక్క బరువు తగ్గడానికి అన్నం మానేసి, ఇంకోపక్క కారులో తిరుగుతూ ఇంటింటికీ టికెట్లిచ్చి డబ్బు వసూలు చేసుకుంటాడు. మన ఊళ్లో పద్యనాటకం వేసే రోజుల్లో కృష్ణుడి వేషం పద్యం బాగా పాడేవాడికి కాక, చందా ఎక్కువిచ్చినవాడికి దక్కేదని పెద్దలు నవ్వుకుంటూ చెప్పేవారు. ఇక్కడా అంతే. నేను ఆ కుర్రాళ్లను చూస్తుంటాను. మంచి కాళ్లున్నవాడు, చేతి వేగమున్నవాడు, పరాయి దేశం నుంచి వచ్చి ఊళ్లో పదిమంది తెలియనివాడు, వాడికి పోటీ దొరకదు. గోడలా నిలబడి దెబ్బలు తినేవాడికి నలుగురు అన్నదమ్ములుంటే వాడికి దొరుకుతుంది.

లెక్క కూడా చూద్దాం, లెక్కల మాస్టారు ఇక్కడే ఉన్నారు కాబట్టి తప్పుంటే దిద్దుతారు. ఉదాహరణకు టికెట్ 40 పౌండ్లనుకోండి. ఒక కుర్రాడు కష్టపడి వంద అమ్మాడు. నాలుగు వేలు. అందులో అమ్మకపు పన్ను 20 శాతం కలిసే ఉంటుంది, అంటే ఆరో వంతు ప్రభుత్వానికి. మిగిలింది మూడు వేల మూడు వందల పైచిలుకు. అందులోంచి తనతో పోట్లాడటానికి వచ్చే అవతలి మనిషి డబ్బు కట్టాలి, వెయ్యి పౌండ్లకు కాస్త అటూ ఇటూ, పైన దారి ఖర్చులు. ఆ తర్వాత హాలుకూ డాక్టర్లకూ తన వాటా. చివరికి చేతికొచ్చింది చూసుకుంటే, రెండు నెలల సాధనకు, ఏటా చేయించుకోవాల్సిన మెదడు స్కానింగుకు, రక్తపరీక్షలకు చాలితే చాలినట్టు. వంద కాక నలభై అమ్మినవాడు తన జేబులోంచి డబ్బు కట్టి దెబ్బలు తిన్నట్టవుతుంది. దీన్ని వాళ్లెవరూ అన్యాయమని అనుకోరు. ఎదగాలంటే ఇదే దారనుకుంటారు. నాకు మాత్రం చూస్తుంటే కాస్త కష్టంగానే ఉంటుంది.

ఇప్పుడు అవతలి మూలకు వెళదాం. ఈ ఆటలో నాకు ఎక్కువ గౌరవం కలిగించేవాడు ఆ మూలలోనే ఉంటాడు.

టికెట్లు అమ్మే కుర్రాడు గెలవాలి. గెలవకపోతే వచ్చేసారి అత్త టికెట్ కొనదు. కాబట్టి అతనికెదురుగా నిలబడటానికి ఒక మనిషి కావాలి. ఓడిపోవాలి, కానీ ఊరికే పడిపోకూడదు. కుర్రాడికి నేర్పాలి, కానీ గాయం చేయకూడదు. అలాంటివాణ్ని ఇంగ్లీషులో జర్నీమ్యాన్ అంటారు. ఆ మాటకు మూలం ఫ్రెంచిలో రోజు అనే అర్థమిచ్చే పదం. అంటే అసలు అర్థం రోజుకూలీ. టికెట్లు అమ్మక్కర్లేదు, కూలి ముందే ఖాయం. గురువారం ఫోనొస్తే శనివారం సంచి పట్టుకుని వస్తాడు.

బర్మింగ్‌హామ్ మనిషి పీటర్ బక్లీ ఇలా 300 పోటీలు చేశాడు. 32 గెలిచాడు, 12 డ్రా, 256 ఓడాడు. 2008 అక్టోబరు చివర్లో సొంత ఊళ్లోనే మూడు వందలవది ఆడి, అది గెలిచి, గ్లోవ్స్ విప్పేశాడు. తర్వాతి తరంలో క్రిస్టియన్ లైట్ అనే అతను కూడా 300 పూర్తిచేసి 2018లో మానేశాడు. అతని గెలుపులు 12, ఓటములు 279. ఈ అంకెలు విని నవ్వు రావచ్చు. కానీ ఆలోచించండి: అన్ని వందల రాత్రులు శిక్షణ పొందిన మనుషులు మీద పడి కొడుతుంటే, చేతులతో, భుజంతో, తల వంపుతో కాచుకుని, తెల్లారి పనికి వెళ్లగలగడం ఎంత విద్య! బక్లీ ఎదుర్కొన్నవాళ్లలో తర్వాత ప్రపంచ చాంపియన్ అయిన నసీమ్ హమీద్ కూడా ఉన్నాడు, అదీ రెండుసార్లు.

ఈ విద్య వెనక ఒక నిబంధన ఉంది. దెబ్బలు ఎక్కువై రిఫరీ పోటీ ఆపేస్తే, ఆ బాక్సర్ కనీసం 28 రోజులు రింగెక్కకూడదు. వైద్యులుగా మేం అడిగే జాగ్రత్తే అది, మెదడుకు విశ్రాంతి కావాలి. కానీ వారం వారం కూలికి వచ్చేవాడికి 28 రోజులంటే నాలుగు వారాల కూలి. అందుకే పాయింట్ల మీద ఓడతాడు తప్ప కింద పడడు. పైగా ఇంగ్లండులో ఇలాంటి మామూలు పోటీలకు జడ్జిలు ఉండరు. రింగులో ఉన్న రిఫరీ ఒక్కడే పాయింట్లు వేసి, ఆఖర్న ఒకరి చెయ్యి పైకెత్తుతాడు. నాలుగు వందల మంది ఒకే కుర్రాడి పేరు అరుస్తుంటే ఆ రిఫరీ పరిస్థితి ఊహించుకోండి. చాలామంది నిజాయితీగానే వేస్తారు. అయినా బయటి ఊరివాడికి గెలుపు రావాలంటే రెండు రెట్లు బాగా ఆడాలన్నది అందరికీ తెలిసిన సంగతే.

నా పని మొదలయ్యేది వీళ్లందరికంటే ముందు. సాయంత్రం ఒక్కొక్కరి కళ్లు, నాడి, బీపీ, చేతి ఎముకలు చూస్తాం. పోటీ అయ్యాక మళ్లీ చూస్తాం. మధ్యలో ఊరికే కూర్చుంటాం. నేను పక్కన పెట్టుకున్న సంచి విప్పకుండా ఇంటికి వెళ్లిన రాత్రి మంచి రాత్రి. అలాంటివే ఎక్కువ. కానీ ఆ సంచి అక్కడికెలా వచ్చిందో చెప్పకపోతే నా మాట పూర్తికాదు.

1991 సెప్టెంబరు 21. లండన్లో టాటెన్‌హామ్ వాళ్ల ఫుట్‌బాల్ మైదానంలో మైకేల్ వాట్సన్, క్రిస్ యూబ్యాంక్‌ల పోటీ. చిన్నది కాదు, చాలా పెద్దది. పన్నెండో రౌండులో ఆపేశారు. వాట్సన్ కుప్పకూలాడు. పుర్రెకీ మెదడుకీ మధ్య రక్తం చేరుతోంది. ఇలాంటప్పుడు మనిషికి ఊపిరి సరిగ్గా ఆడేలా చూసి, ఆక్సిజన్ ఇచ్చి, మెదడు ఆపరేషన్ చేయగల ఆసుపత్రికి నేరుగా చేర్చాలి. ప్రతి నిమిషం విలువైనదే. ఆ రాత్రి రింగు పక్కన అలాంటి ఏర్పాటు లేదు. మొదట తీసుకెళ్లిన ఆసుపత్రిలో మెదడు ఆపరేషన్ చేసే విభాగమే లేదు, అక్కణ్నుంచి ఇంకో ఆసుపత్రికి. నలభై రోజులు కోమాలో ఉన్నాడు, ఆరు ఆపరేషన్లయ్యాయి. బతికాడు. కానీ శరీరం పూర్వంలా రాలేదు. బోర్డు తన బాధ్యత నిర్వర్తించలేదని కోర్టుకెళ్లాడు. 1999లో హైకోర్టు, 2000లో అప్పీలు కోర్టు అతని పక్షానే తీర్పిచ్చాయి. చివరికి బోర్డు అతనికి 4 లక్షల పౌండ్లు చెల్లించడానికి ఒప్పుకుంది, అందుకోసం లండన్‌లోని తన సొంత భవనం అమ్ముకుంది. వాట్సన్ 2003లో లండన్ మారథాన్‌ను ఆరు రోజుల పాటు నడిచి పూర్తిచేశాడు.

అందుకే ఇప్పుడు ప్రతి పోటీకీ డాక్టర్లు, శ్వాస నిలపగల సరంజామా, అది వాడటం తెలిసిన మనిషి, సిద్ధంగా నిలబెట్టిన అంబులెన్సు. దగ్గర్లో మెదడు ఆపరేషన్ సదుపాయం ఉన్న ఆసుపత్రికి ముందే కబురు. అంబులెన్సు ఎవర్నయినా తీసుకుని బయలుదేరితే, ఇంకోటి వచ్చేదాకా తర్వాతి పోటీకి గంట కొట్టరు. జనం ఈలలు వేసినా, బారు మూసే వేళయినా సరే. ఇందులో ఒక్క అక్షరం కూడా నేను తీసేయనివ్వను. కానీ దీని బరువు ఎక్కడ పడిందో గమనించండి. స్టేడియంలో లక్షల పౌండ్లు వచ్చేవాడికి ఈ ఖర్చు వాన చినుకు. ఊరి టౌన్‌హాల్లో మూడు వందల టికెట్లు తెగినవాడికి అదే పెద్ద పద్దు. పెద్ద పోటీలో జరిగిన ప్రమాదానికి చిన్న పోటీ ఇప్పటికీ వాయిదాలు కడుతోంది.

మిగతా కష్టాలు త్వరగా చెప్పేస్తాను. శుక్రవారం బరువు చూసేటప్పుడు ఒకడు ఎక్కువ తూగుతాడు, ఇంకొకడికి కంటిమీద కోత, మూడోవాడు ఫోనెత్తడు. ఒక పోటీ రద్దయితే దానితోపాటు ఎనభై టికెట్ల డబ్బు వెనక్కి. అదే రాత్రి టీవీలో పెద్ద పోటీ ఉంటే సగం మంది ఇంట్లోనే. 2020 మార్చిలో కరోనాకు అన్నీ ఆగిపోయాయి. ఆ వేసవిలో టీవీ వాళ్ల పోటీలు జనం లేకుండానే మళ్లీ మొదలయ్యాయి. జనమే ఆదాయమైన చిన్న హాళ్లకు ఆ దారి లేదు. ఇది చాలదన్నట్టు ఆఫీసు ఉద్యోగులు కొన్ని వారాలు నేర్చుకుని ధర్మకార్యం పేరుతో కొట్టుకునే పోటీలొకటి బయల్దేరాయి. అవి బోర్డు పరిధిలోకి రావు. ప్రతి ఒక్కడూ ఆఫీసంతటినీ తీసుకొస్తాడు కాబట్టి హాలు కిటకిటలాడుతుంది. వాటికి ఎవరు వెళ్లినా నాకు అభ్యంతరం లేదు, కానీ రింగు పక్కన ఎవరు కూర్చున్నారో ఒకసారి చూసి వెళ్లమంటాను.

మరి ఇన్ని కష్టాలతో ఎందుకు నడుస్తోంది? కొంత పిచ్చి, కొంత పరువు. కొన్ని క్లబ్బులు విందు పోటీలు పెడతాయి. కంపెనీలు బల్లలకు బల్లలు కొనుక్కుంటాయి, కోటూ బోటై కట్టుకుని భోంచేస్తూ చూస్తారు, రౌండు జరుగుతుంటే మాట్లాడకూడదని మర్యాద. పోట్లాట బాగుంటే ఆఖర్న లేచి రింగులోకి డబ్బు విసురుతారు. ఇద్దరు బాక్సర్లూ పంచుకుంటారు. మొదటిసారి చూసినప్పుడు నాకు మన నాటకాల్లో పద్యానికి ఒన్స్‌మోర్ కొట్టి చదివింపులు చదివించడం గుర్తొచ్చింది. ఓడినవాడికి కూడా సగం వస్తుందన్న సంగతి నాకు నచ్చింది. మన చదివింపుల్లో దుర్యోధనుడికి వచ్చిందే వచ్చింది, సహదేవుణ్ని ఎవరూ పట్టించుకోలేదు.

ఇక మన మైదానం మాట. ఇంగ్లండు సంగతి వేరు, అది డబ్బు కోసం చేసే ఆట. మనది పిల్లల అమెచ్యూర్ ఆట, మూడు రౌండ్లు, తలకు రక్షణ తొడుగు, టికెట్ లేదు, బాక్సర్‌కు డబ్బు లేదు. అయినా మెదడు మెదడే. ఏ దేశంలోనైనా రక్తం చేరే తీరు ఒక్కటే.

మన తెలుగువాళ్లకు ఈ ఆట కొత్త కాదు. విశాఖ బాక్సర్ నగిసెట్టి ఉష ప్రపంచ పోటీల్లో పతకం తెచ్చింది, 2020లో ధ్యాన్‌చంద్ పురస్కారం అందుకుంది. నిజామాబాద్ నుంచే నిఖత్‌తోపాటు హుసాముద్దీన్ కూడా వచ్చాడు, 2018, 2022 కామన్వెల్త్ క్రీడల్లో రెండు కాంస్యాలు. వీళ్లెవరూ నేరుగా పెద్ద స్టేడియంలో పుట్టలేదు. పోటీలు దొరక్క సాధన చేసే పిల్లలకు, తన ఊరి బడి మైదానంలో, తన అమ్మానాన్నల ఎదుట ఒక్క పోటీ దొరకడమంటే ఎంతో నాకు తెలుసు. కాబట్టి కమిటీ ఆలోచనకు నేను వ్యతిరేకిని కాను.

కానీ కిందటిసారి సెలవులకు వచ్చినప్పుడు ఒక జిల్లా స్థాయి పోటీ చూశాను. ఎక్కడో చెప్పను. పొద్దున్న ఏడింటికి పిల్లల బరువు చూశారు. బరువు కోసం రాత్రి తినకుండా వచ్చిన పిల్లలు. పదింటికి మొదలవాలి. ముఖ్య అతిథిగారు ఒంటిగంటకు వచ్చారు. అప్పటిదాకా చేతికి పట్టీలు చుట్టుకుని, ఒళ్లు వేడెక్కించుకుని, మళ్లీ చల్లబడి, మళ్లీ వేడెక్కించుకుని, ఆకలితో కూర్చున్నారు. తర్వాత శాలువాలు. వేదిక మీద పదకొండు కప్పులు, ఒక్కో కప్పు మీద ఒక్కో దాత తండ్రిగారి పేరు. డాక్టరెక్కడని అడిగాను. ఫోన్ చేస్తే వస్తారన్నారు. అంబులెన్సు? "108 ఉంది కదండీ" అన్నారు.

108 ఉంది. మంచి సర్వీసు, ఎన్నో ప్రాణాలు కాపాడింది. కానీ ఆ బండి మండలం మొత్తానిది. పురుడొచ్చిన తల్లికి, రోడ్డు మీద పడ్డవాడికి పరుగెత్తాల్సిన బండి. పొద్దుటినుంచి సాయంత్రం దాకా దాన్ని మన మైదానంలో కట్టేసుకోలేం, కట్టేసుకోకూడదు కూడా. మనకు మన అంబులెన్సు కావాలి, అద్దె కట్టి నిలబెట్టుకున్నది, ఆక్సిజన్ నిండుగా ఉన్నది.

పదకొండు కప్పులకు పదకొండుమంది దాతలున్నప్పుడు అంబులెన్సుకు ఒక్కడు ఎందుకు లేడు? నేను తప్పుపట్టడం లేదు, మనిషి స్వభావం అది. కప్పు మీద పేరు చెక్కించవచ్చు, అది గెలిచినవాడి ఇంట్లో అల్మరాలో ఉంటుంది. వాడని అంబులెన్సు మీద పేరెవరు చూస్తారు? సాయంత్రం అది ఖాళీగా వెళ్లిపోతుంది. ఖాళీగా వెళ్లిపోవడానికే కదా దాన్ని తెచ్చింది!

అందుకని కమిటీకి నా మాటలు ఇవి. బడి మైదానంలో పోటీ వద్దు. కొందరికి నచ్చదని తెలుసు, మైదానం మనందరికీ ప్రాణం. కానీ ఇక్కణ్నుంచి మెదడు ఆపరేషన్ చేసే ఆసుపత్రి గంటన్నర దూరం, రైల్వేగేటు పడితే రెండు గంటలు. ఆ దూరంలో నేను డ్యూటీ ఒప్పుకోను, ఇంకో డాక్టర్ని ఒప్పుకోమని చెప్పను. పోటీ జిల్లా కేంద్రంలో పెడదాం, ఆసుపత్రి పది నిమిషాల్లో ఉండేలా హాలు చూద్దాం. ఊరి నుంచి రెండు బస్సులు వేద్దాం. ఇక్కడ మైదానంలో ఆ ముందురోజు సాయంత్రం పిల్లలు సంచి మీద సాధన, కాళ్ల కదలిక, అద్దంతో పోట్లాట చూపిస్తారు, ఎవరూ ఎవర్నీ కొట్టకుండా. తల్లిదండ్రులకు అదే మొదటి పాఠం. రాష్ట్ర బాక్సింగ్ సంఘం అనుమతి, వాళ్ల రిఫరీలు తప్పనిసరి. వయసు, బరువు, అంతకుముందు ఎన్ని పోటీలు చేశారు, ఈ మూడూ కలవకపోతే ఆ జోడీ వద్దు, పిల్లాడు ఏడ్చినా, తండ్రి బతిమాలినా సరే. బరువు చూశాక గంటలో పిల్లలకు ఇడ్లీలు పెట్టాలి. ముఖ్య అతిథి రాకపోయినా పదింటికి గంట కొట్టాలి. ఆయన వస్తే ఆఖరి పోటీ చూసి కప్పులిస్తారు, రాకపోతే మా డ్రిల్లు మాస్టారిస్తారు. మాస్టారూ, మీరు కాదనకండి.

ఇంకో మాట. టికెట్ పెట్టండి. యాభై రూపాయలే కానివ్వండి. ఊరికే వచ్చినవాడు టీ తాగి మధ్యలో వెళ్లిపోతాడు, యాభై పెట్టినవాడు ఆఖరి గంట దాకా కూర్చుంటాడు. ఖాళీ కుర్చీల ముందు పోట్లాడటం ఆ పిల్లలకు ఎంత దిగులో నేను చూశాను. కానీ ఆ టికెట్లు పిల్లల చేత అమ్మించకండి. ఇంగ్లండులో ఆ పద్ధతి ఏం చేస్తోందో ఇందాక చెప్పాను. మనమే అమ్ముదాం. యాభై ఏళ్ల సంఘం, ఒక్కో బ్యాచ్ ఇరవై అమ్మలేదా?

ఖర్చుల జాబితా ఒకటి రాసి కార్యదర్శిగారికి ఇచ్చాను. మొదటి వరుసలో అంబులెన్సు, రెండో వరుసలో ఇద్దరు డాక్టర్లు, మూడో వరుసలో ఆక్సిజనూ, శ్వాస సామాను. కప్పులు ఎనిమిదో వరుసలో ఉన్నాయి. మొదటి వరుస ఎదురుగా మా 1984 బ్యాచ్ పేరు రాసేశాను, మా వాళ్లనడక్కుండానే. ఒరేయ్, వెనక వరుసలో ఎవడూ లేచి వెళ్లిపోకండి, భోజనాల దగ్గర పట్టుకుంటాను. రెండు, మూడు వరుసలు ఇంకా ఖాళీ. ప్రశ్నలుంటే అడగండి, పావుగంట సమయం ఉందన్నారు.